కోతి చూపు

ఇకిటోస్‌లో ఉదయం ఏడింటికే
థియేటర్ కిటికీ అద్దానికి చెమట.
నది మీంచి వచ్చే ఉక్క ముందు
మా ఏసీ ఏనాడూ గెలవలేదు.

బల్ల మీద ఔరెలియో కోయెయో.
డెబ్బై ఒకటి. పిత్తాశయం నిండా రాళ్ళు.
కింది పళ్ళు మూడు కదులుతున్నాయి, రాసుకున్నాను.
రాత్రి నుంచి పచ్చి గంగ ముట్టలేదన్నాడు.
నమ్మాను. ఆకలిని దాచుకోగల ముఖం కాదది.

సిరంజిలకు చీటీలు అంటిస్తున్నాను,
అంటించినవి చదువుతున్నాను, చదివినవే మళ్ళీ.

"ఆ పాలేంటి, డాక్తొరా?"
ప్రొపొఫాల్. పాలు కావు, ఆ రంగు మాత్రమే.
నరంలో కాస్త మండుతుంది,
మండిందని చెప్పేలోపే మీరుండరు.
"ఉండక, ఎక్కడికి పోతాను?"

ఇరవై రెండేళ్ళ నుంచి
ఈ ఒక్క ప్రశ్న దగ్గర నాకు మాట తడబడుతుంది.
నిద్ర అంటాం. నిద్ర కాదు.
నిద్రపోయేవాడు దోమ వాలితే చెయ్యి విసురుతాడు.
దీపం ఆర్పడమూ కాదు.
ఒకే ఇంట్లో ఈ గది మాట
ఆ గదికి వినిపించకుండా పోవడం, బహుశా.

"ఈ చిన్నది?"
ఫెంటనిల్. నొప్పి పెట్టే కేకను దారిలోనే ఆపుతుంది.
"మరి ఆ నీళ్ళలాంటిది?"
కదలకుండా ఉండటానికి.
ఒంట్లో కండలన్నీ వదులైపోతాయి,
ఊపిరి తీసేవి కూడా.
ఆ కాసేపూ మీ ఊపిరి నా చేతుల్లో.

ముసలాయన నవ్వాడు, మూడు పళ్ళూ ఊగాయి.
"అది మాది," అన్నాడు. "తికూనాలది."

కాదు తాతా, ఇది ఫ్యాక్టరీలో పుట్టింది.
పని నేర్చుకున్నది మాత్రం
మీ తీగ దగ్గరే.

"మా అమ్మ తండ్రి ఆ తీగ బెరడు గీరి
తారులా నల్లబడేదాకా కాచేవాడు.
ఊదుగొట్టంలో బాణం, బాణం కొసన చుక్క.
కోతి కొమ్మ పట్టుకునే ఉండేది.
ముందు తోక వదిలేది, తర్వాత చేతులు.
మాగిన పండులా రాలేది."

రక్తపోటు పట్టీ బిగిసింది, వదిలింది.

"పడ్డాక కూడా చూస్తూ ఉండేది, డాక్తొరా.
నాకప్పుడు ఏడేళ్ళు. సంచి నేనే పట్టేవాణ్ణి.
దానికి తెలిసేదా?"

నర్సు దొమితిలా సెలైన్ సీసా వైపు తిరిగింది.
జవాబు నాకు తెలుసు.
లీమాలో మొదటి ఏడాదే చెప్పారు:
ఆ మందు కండను తాకుతుంది, మనసు గడప తొక్కదు.

మీకు మాత్రం తెలియదు, అన్నాను.
అందుకే వరస. ముందు పాలు, తర్వాతే నీళ్ళు.
నేను తప్పించుకున్నానని ఆయనకు అర్థమైంది.
మాస్కు కింద ఊపిరి గట్టిగా పీల్చాడు.

పాలు పోశాను. మొహం చిట్లించాడు, అంతే.
రెప్ప వెంట్రుకలు వేలితో తాకాను, ఉలకలేదు.
అప్పుడు నీళ్ళు.
గొంతులోకి గొట్టం, గొట్టంలో ఆవిరి మంచు,
తెరపై ఊపిరికో దిబ్బ, చదునుగా, వరసగా.
రెప్పలు మూసి టేపు అంటించాను.
కళ్ళు ఎండిపోకుండా, అని పుస్తకం.

సెవోఫ్లూరేన్ మీట మీదే ఉన్నాయి
ఆ రోజంతా నా కళ్ళు.
నలభయ్యో నిమిషాన నాడి తొంభై ఆరు.
సర్జన్ ఏదో జోకు వేస్తున్నాడు.
మీట ఒక గీత పెంచి
టేపు అంచున తడి ఉందేమోనని తడిమాను.

పొడిగానే ఉంది.
అయినా ఇంకోసారి తడిమాను.

రాళ్ళు బయటికొచ్చాయి, పదకొండు.
మణికట్టు నరం మీద కరెంటు నాలుగుసార్లు తడితే
బొటనవేలు నాలుగుసార్లూ లేచింది,
నాలుగోది నీరసంగా.
విరుగుడు ఇచ్చాను. ఆగాను. ఆగడమే సగం ఉద్యోగం.
టేపు తీశాను.

ఔరెలియో, కళ్ళు తెరవండి.

తెరిచాడు. గొట్టం తీశాక దగ్గాడు.
"ఇంకా మండుతోంది," అన్నాడు,
గంటంబావు కిందటి మాటను ఇప్పుడు ముగిస్తూ.

నా వేళ్ళు పట్టుకోండి. గట్టిగా.

పట్టుకున్నాడు,
కొమ్మను పట్టుకున్నట్టు.
వదలమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.